పెంపుడు పాముకు ఎంత తినిపించాలి, ఎన్నాళ్లకొకసారి తినిపించాలి?

గోదావరి డెల్టాలోని ఇళ్లు వేసవిలో ఉడికిపోతాయి, వానాకాలంలో చెమ్మగిల్లుతాయి, తుపాను వచ్చినప్పుడు కరెంటు లేకుండా రోజులు గడుపుతాయి. అలాంటి ఇంట్లో, విషం లేని విదేశీ పాములైన బాల్ పైథాన్‌నో కార్న్ స్నేక్‌నో చట్టబద్ధంగా పెంచుతున్నవారి కోసం ఈ వ్యాసం. పాము ఎంత పెరుగుతుంది, ఎంత ఆరోగ్యంగా ఎన్నేళ్లు బతుకుతుంది అన్నది చాలావరకు మీరు పెట్టే ఆహారం మీద ఆధారపడి ఉంటుంది. ఎర పరిమాణంతో పాటు, ఒక ఎరకూ మరో ఎరకూ మధ్య విడిచే వ్యవధి, ఎర అరిగేటప్పుడు పాముకు అందే వెచ్చదనం కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఈ మూడింటిలో ఒకటి తప్పినా మిగతా రెండింటి వల్ల ప్రయోజనం ఉండదు. పెంపకందారులు సాధారణంగా చేసే పొరపాటు అతిగా తినిపించడమే కనుక ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

1. ముందుగా కాగితాలు సరిచూసుకోండి

పెరట్లోకి వచ్చిన జెర్రిపోతును, పంటకాలువలో దొరికిన నీరుకట్టును, ఎక్కడో కనిపించిన కొండచిలువ పిల్లను పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అలాంటి పాము ఇంట్లోకి వస్తే అటవీ శాఖకు తెలియజేయడం తప్ప మీరు చేయవలసింది లేదు. 2022లో ఆ చట్టానికి జరిగిన సవరణతో, అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వాణిజ్యంపై ఉన్న ఒప్పందం (సైటీస్) జాబితాలోని విదేశీ జీవులను పెంచేవారు కూడా నమోదు చేయించుకోవలసి వచ్చింది. 2024లో వెలువడిన నియమాల ప్రకారం ఈ దరఖాస్తును కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ అనే వెబ్ పోర్టల్‌లో చేయాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది, కార్న్ స్నేక్ లేదు. రెండింటిలో ఏది కొన్నా రసీదును మాత్రం భద్రపరచండి.

అమ్మినవారి వద్ద మరో మూడు విషయాలు కూడా రాయించుకోండి: పాము గుడ్డులోంచి వచ్చిన తేదీ, చివరిగా తిన్న రెండు మూడు ఎరలు ఏవి, అవి బతికి ఉన్నవా లేక గడ్డకట్టించినవా అన్నది. ఈ వివరాలు లేని పాముకు ఆహారపు లెక్క కట్టడం కష్టం.

2. తూచడం అలవాటు చేసుకోండి

వంటింట్లో పిండి తూచుకునే డిజిటల్ కాటా ఇందుకు సరిపోతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాను కాటా మీద ఉంచి, బరువును సున్నా చేసి, పామును అందులో పెట్టి తూచండి. మొదటి ఏడాదిలో రెండు వారాలకొకసారి, ఆ తరువాత నెలకొకసారి తూస్తే చాలు. ఎర పెట్టే ముందు మాత్రమే తూచాలి, ఎందుకంటే కడుపులో ఎర ఉండగా తూచిన బరువు పాముది కాదు. తేదీ, బరువు, పెట్టిన ఎర బరువు, తిన్నదా లేదా, మలవిసర్జన, కుబుసం విడిచిన రోజు అన్నింటినీ ఒక నోటు పుస్తకంలో వరుసగా రాయండి.

పొడవును మూడు నెలలకొకసారి కొలిస్తే సరిపోతుంది. కుబుసాన్ని కొలిచి అదే పాము పొడవనుకోకండి. కుబుసం విడిచేటప్పుడు సాగుతుంది కనుక అది ఎప్పుడూ పాము కంటే పొడవుగానే ఉంటుంది.

పోల్చుకోవడానికి కొన్ని అంకెలు అవసరం. బాల్ పైథాన్ పిల్ల పుట్టినప్పుడు సాధారణంగా 50 నుంచి 80 గ్రాములు ఉంటుంది. పెద్దయిన ఆడపాము దాదాపు 1,500 గ్రాములు, కొన్ని 2,000 గ్రాములకు పైగా తూగుతాయి; మగపాము అంతకంటే చిన్నదిగా ఉంటుంది. కార్న్ స్నేక్ పిల్ల సాధారణంగా 10 గ్రాములకు మించదు, పెద్దయ్యాక మూడు నుంచి ఐదు అడుగుల పొడవు ఉంటుంది. ఒకే గుడ్లగుంపులోంచి వచ్చిన ఆడపాము బరువును మగపాముతో పోల్చి, మీ పాము వెనకబడిందని ఆందోళన పడకండి.

3. ఏది తినిపించాలి

ఈ రెండు పాములకూ ఆహారం పెంపకంలో పుట్టిన తెల్ల చిట్టెలుకలు, తెల్ల ఎలుకలు మాత్రమే. ఎరను పూర్తిగా, ఎముకలతో, కాలేయంతో, పేగులతో సహా మింగినప్పుడే పాముకు కాల్షియం, విటమిన్లు అందుతాయి. కోడి మాంసం ముక్కలు పెట్టి పెంచిన పాము కొంతకాలం లావెక్కినట్లు కనిపించినా లోపల ఎముకలు బలహీనపడతాయి. చేపలు చవకగా దొరికే ప్రాంతం కనుక వాటితో పెంచాలన్న ఆలోచన కొందరికి రావచ్చు. బాల్ పైథాన్, కార్న్ స్నేక్ చేపలు తినే పాములు కావు. చేపలు తినే జాతులకు కూడా కొన్ని రకాల చేపలే పెడితే, వాటిలోని ఒక ఎంజైమ్ వల్ల విటమిన్ బి1 లోపించి వణుకు, మూర్ఛ వస్తాయి.

పొలంలో పట్టిన ఎలుకను ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. సార్వాలోనూ దాళ్వాలోనూ ఎలుకల బెడద తప్పని చోట రైతులు బ్రోమాడియోలోన్ ఎరలు, జింక్ ఫాస్ఫైడ్ వాడతారు. విషం తిన్న ఎలుక వెంటనే చావదు. బుట్టలో బతికే పడిన ఎలుక కాలేయంలో బ్రోమాడియోలోన్ ఉండవచ్చు, అది పాము కడుపులోకి చేరుతుంది. దానికితోడు పురుగులు, గోమార్లు వస్తాయి, ఎలుక మూత్రం ద్వారా మీకు లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకే ముప్పు ఉంటుంది. పందికొక్కు విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది.

ఇక పాల సంగతి. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోయడం మన ఆచారం, దాని మీద ఇక్కడ వాదన లేదు. మీ డబ్బాలో ఉన్న పాముకు మాత్రం పాలు అరగవు, విరేచనాలు అవుతాయి. దానికి కావలసింది ప్రతిరోజూ మార్చిన మంచినీళ్లు.

4. ఎంత పెట్టాలి, ఎంత వ్యవధి ఇవ్వాలి

పాము వయసును బట్టి కాకుండా బరువును బట్టి లెక్క కట్టండి. ఎదిగే బాల్ పైథాన్‌కు ఎర బరువు దాని బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 60 గ్రాముల పిల్లకు 6 నుంచి 9 గ్రాముల ఎర, అంటే కళ్లు తెరిచి గెంతడం మొదలుపెట్టిన చిట్టెలుక పిల్ల సరిపోతుంది. దీన్ని వారానికొకసారి పెట్టండి. బరువు 300 గ్రాములు దాటిన తరువాత ఎరను 10 శాతం దగ్గర నిలిపి, వ్యవధిని పది రోజులు, ఆపై రెండు వారాలకు పెంచండి. పూర్తిగా ఎదిగిన పాముకు 5 నుంచి 7 శాతం ఎరను మూడు నాలుగు వారాలకొకసారి పెడితే చాలు. ఇంతకంటే తక్కువ వ్యవధిలో తింటున్న పెద్ద బాల్ పైథాన్‌ను చూసినప్పుడు, అది ఆరోగ్యంగా ఉందనడం కంటే యజమానికి దాని ఆకలి చూసి జాలి వేసిందనుకోవడమే సమంజసం.

కార్న్ స్నేక్ అరుగుదల వేగంగా ఉంటుంది. పిల్లకు ఐదు నుంచి ఏడు రోజులకొకసారి, ఇంకా వెంట్రుకలు రాని ఒకటి రెండు గ్రాముల చిట్టెలుక పిల్లను పెట్టండి. పెంపకందారులు దీన్నే పింకీ అంటారు. ఎముక గట్టిపడని పింకీలో కాల్షియం తక్కువ. అందువల్ల పాము మింగగలిగిన వెంటనే పెద్ద ఎరకు మారాలి, రెండు మూడు పింకీలు ఒకేసారి పెట్టి సరిపెట్టుకోకూడదు. పెద్ద కార్న్ స్నేక్‌కు ఒక్క చిట్టెలుక పది నుంచి పధ్నాలుగు రోజులకు సరిపోతుంది.

కాటా లేని సమయంలో ఒక కొలత ఉపయోగపడుతుంది. ఎర లావు పాము నడుమున ఉన్న అతి లావైన భాగానికి సమానంగా, లేదా కొద్దిగా మాత్రమే ఎక్కువగా ఉండాలి. మింగిన తరువాత ఒక ఉబ్బు కనిపించి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోవాలి.

వ్యవధి ఎందుకంటే, ఎరను అరిగించుకోవడం పాముకు నిజమైన శ్రమ. బర్మా కొండచిలువ పెద్ద ఎరను మింగిన రెండు రోజుల్లో దాని గుండె కండరం సుమారు 40 శాతం పెరుగుతుందని 2005లో ప్రచురితమైన పరిశోధన చూపింది. కాలేయం, పేగులు కూడా అదే తీరుగా పెరిగి, పని పూర్తయ్యాక మళ్లీ తగ్గుతాయి. ఒక ఎర పని ముగియక ముందే మరొకటి ఇస్తే ఆ యంత్రాంగానికి విశ్రాంతి ఉండదు, మిగిలిన శక్తి కొవ్వుగా మారి కాలేయం చుట్టూ చేరుతుంది. యూరియా ఎక్కువ వేసిన వరి ఏపుగా లేచి ఈనిక ముందే పడిపోయినట్లు, వేగంగా తినిపించిన పాము బరువు ముందు పెరుగుతుంది, అస్థిపంజరం వెనక పడుతుంది. ఒక్క ఏడాదిలో పామును పెద్దది చేసి ఫోటోలు పెట్టేవారిని ఈ విషయంలో అనుకరించకండి.

అయితే చిన్నతనంలో ఆకలితో ఉంచడమూ మంచిది కాదు. ఉత్తర ఆస్ట్రేలియాలోని ఒక వరద మైదానంలో నీటి కొండచిలువలను ఏళ్ల తరబడి గమనించిన థామస్ మ్యాడ్సన్, రిచర్డ్ షైన్, ఎలుకలు సమృద్ధిగా ఉన్న ఏడాది పుట్టిన పిల్లలు, కరువు ఏడాది పుట్టినవాటి కంటే వేగంగా పెరిగాయనీ, ఆ తేడా తరువాతి సంవత్సరాల్లో కూడా కొనసాగిందనీ 2000లో వెల్లడించారు. మొదటి ఏడాది ఆహారం పాము జీవితమంతటిపై ప్రభావం చూపుతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. అడవిలో పాముకు కరువు ఉంటుంది, మీ ఇంట్లో ఉండదు. అందుకే మొదటి ఏడాది పైన చెప్పిన కొలతల్లోనే క్రమం తప్పకుండా తినిపించడం, రెండో ఏడాది నుంచి వ్యవధిని నిస్సంకోచంగా పెంచడం మేలు.

చిన్న పెట్టెలో ఉంచితే పాము చిన్నదిగానే ఉండిపోతుందనే మాట తరచుగా వినిపిస్తుంది. పెట్టె పరిమాణం పాము ఎదుగుదలను ఆపదు. ఎదుగుదలను ఆపేది ఆహారం లేకపోవడం, చల్లదనం, ఒత్తిడి, రోగం. ఇరుకు పెట్టెలో ఈ కారణాల్లో ఒకటి రెండు తోడవుతాయి కనుక ఆ అపోహ పుట్టింది.

5. ఎరను అరిగించే వెచ్చదనం

పాము శరీరం సొంతంగా వేడిని తయారు చేసుకోదు. పెట్టెలో వెచ్చని మూల బాల్ పైథాన్‌కు 31 నుంచి 33 డిగ్రీలు, కార్న్ స్నేక్‌కు 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. రెండో మూల అంతకంటే అయిదారు డిగ్రీలు తక్కువగా ఉండాలి. డెల్టాలో సంవత్సరంలో చాలా నెలలు ఇది హీటర్ లేకుండానే సమకూరుతుంది, అందుకే పాము ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్లు తిరుగుతుంది. దాన్ని చూసి వ్యవధి తగ్గించకండి. పుష్య మాసపు రాత్రుల్లో ఇంట్లో 20 డిగ్రీల దగ్గరికి చేరినప్పుడు మాత్రం, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా పెద్ద ఎర పెట్టకండి. చల్లని కడుపులో ఎర అరగక కుళ్లుతుంది, పాము దాన్ని కక్కుతుంది.

మే నెలలో సమస్య తిరగబడుతుంది. ఆస్‌బెస్టాస్ రేకుల కింద, డాబా మీది గదిలో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటితే హీట్ ప్యాడ్ తీసేసి పెట్టెను కింది అంతస్తులోని చల్లని గదికి మార్చండి, ఎరను చీకటి పడిన తరువాత ఇవ్వండి. వడగాలులు వీచే వారంలో ఎర మానేయడం తప్పేమీ కాదు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాముకు ఒక వారం ఆలస్యం వల్ల ఏమీ జరగదు. వానాకాలంలో గాలిలోని తేమ మన ఇళ్లలో 80 శాతం కూడా దాటుతుంది కనుక పెట్టెకు గాలి ఆడే రంధ్రాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే పొట్టమీది పొలుసులకు పుండ్లు పడి పాము ఆహారమే మానేస్తుంది.

6. కరిగించి అందించడం

గడ్డకట్టిన ఎరను రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వండి. పెట్టే ముందు ప్లాస్టిక్ సంచిలో వేసి వేడినీళ్లలో ఉంచి, ఎర ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గరికి వచ్చాక తుడిచి, పొడవాటి పట్టకారుతో అందించండి. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే లోపలి భాగం ఉడికి, పాము కడుపులో చిట్లుతుంది. బతికున్న ఎలుకను పాముతో వదిలిపెట్టడం క్రూరమే కాక ప్రమాదకరం, ఎందుకంటే పాము తినని ఎలుక దాని వెన్ను కొరకగలదు. రెండు పాములను ఒకే పెట్టెలో పెట్టకండి. ఎర దగ్గర ఒకటి మరొకదాన్ని పట్టుకుంటుంది.

తిన్న తరువాత 48 గంటలు పామును ముట్టుకోకూడదు. విడిగా మరో డబ్బాలో తినిపించి, వెంటనే తిరిగి పెట్టెలోకి మార్చే పద్ధతి ఇందుకే మంచిది కాదు. పాముకు ఎర పెట్టిన చేతిని సబ్బుతో కడుక్కోండి, ఎలుకలను వంటింటి ఆహారానికి దూరంగా విడి సంచిలో ఉంచండి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ముందుగా ఆలోచించవలసింది ఫ్రీజర్ గురించి. కరెంటు పోయి కరిగిన ఎరలను మళ్లీ గడ్డకట్టించి వాడకూడదు. రొయ్యల వ్యాపారం వల్ల థర్మాకోల్ పెట్టెలు, ఐసు మన దగ్గర సులభంగా దొరుకుతాయి. అయితే మామూలు ఐసు ఎరను చల్లగా మాత్రమే ఉంచుతుంది, గడ్డకట్టిన స్థితిలో నిలపదు. ఆ పెట్టెలో కరిగినదాన్ని ఒక రోజులోపు వాడండి, లేకపోతే పారేయండి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఒకటి రెండు నెలలకు సరిపడా ఎలుకలు నిల్వ చేయడం అనవసరం.

7. చూసి గ్రహించవలసినవి

బరువు పెరుగుతున్నంత మాత్రాన ఎదుగుదల బాగున్నట్లు కాదు. పామును వేలి మీద నెమ్మదిగా పట్టుకుని పైనుంచి చూడండి. వెన్నెముక ఉందని చేతికి తెలియాలి, కానీ కంటికి గట్టులా పొడుచుకు రాకూడదు. పొడుచుకు వచ్చి, పక్కల చర్మం వదులుగా జారితే పాము సన్నగిల్లుతోంది. అదే పాము వంపు తిరిగినప్పుడు చర్మం మడతలు పడినా, తిననప్పుడు కూడా పొలుసుల మధ్య చర్మం కనిపించినా, తోక మొదలులో ఒళ్లు ఒక్కసారిగా సన్నబడినా కొవ్వు చేరినట్లే. అలాంటప్పుడు ఎర పరిమాణాన్ని తగ్గించకుండా వ్యవధిని ఒకటిన్నర రెట్లు చేయండి. ఆరు నెలల్లో నెమ్మదిగా తగ్గుతుంది. హఠాత్తుగా ఉపవాసం పెట్టవద్దు.

కుబుసం విడిచే క్రమం ఎదుగుదలకు మంచి సూచిక. వేగంగా ఎదిగే పిల్ల పాము నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, పెద్దది ఏడాదికి కొన్ని సార్లు మాత్రమే కుబుసం విడుస్తుంది. కళ్లు నీలంగా మసకబారిన రోజుల్లో చాలా పాములు తినవు కనుక ఎరను అనవసరంగా కరిగించకండి.

కొలతలో పెరిగిన పాము చాలా కాలం బతుకుతుంది. బాల్ పైథాన్ ఇరవై ముప్పై ఏళ్లు బతకడం సాధారణం. అమెరికాలోని సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో 1961 నుంచి ఉన్న ఒక ఆడ బాల్ పైథాన్, అరవై ఏళ్లు దాటిన వయసులో 2020లో గుడ్లు పెట్టింది. మీరు కొన్న పాము మీ పిల్లల పెళ్లిళ్ల వరకు ఉండవచ్చునన్న అంచనాతోనే ఎలుకల ఖర్చు లెక్కవేసుకోండి.

8. తినకపోయినా, కక్కినా

బాల్ పైథాన్ ఏడాదిలో కొన్ని వారాలు, కొన్నిసార్లు నెలలు తినకుండా ఉండటం సహజం, ముఖ్యంగా మగపాముల్లో. ఈ సమయంలో ప్రతి రెండు రోజులకూ ఎర చూపితే పాముకు ఒత్తిడి పెరుగుతుంది. రెండు వారాలకొకసారి మాత్రమే ఇవ్వండి, బరువు తూస్తూ ఉండండి. మొదటి బరువులో పదో వంతు తగ్గేవరకు కంగారు పడవలసిన అవసరం లేదు. పిల్ల పాము, కార్న్ స్నేక్ విషయంలో మాత్రం వరుసగా మూడు ఎరలు నిరాకరిస్తే వెచ్చదనం, దాక్కునే చోటు సరిచూసి, ఆపై వైద్యుణ్ని సంప్రదించండి. బలవంతంగా నోట్లో కుక్కే పనికి మీరు స్వయంగా పూనుకోకండి.

కక్కిన పాముకు వెంటనే మరో ఎర ఇవ్వడమే పెద్ద ప్రమాదం. ఎరతో పాటు జీర్ణ రసాలు కూడా పోయి గొంతు మంట పుట్టి ఉంటుంది. నీళ్లు అందుబాటులో ఉంచి, రెండు వారాలు ఆగి, మునుపటి ఎరలో సగం బరువున్నది ఒకటి ఇవ్వండి. అది నిలిస్తే పది రోజుల తరువాత మళ్లీ అంతే బరువు, ఆ తరువాతే మామూలు పరిమాణం. రెండోసారి కూడా కక్కితే, నోటి నుంచి నురగ వస్తుంటే, లేదా నోరు తెరిచి శ్వాసిస్తుంటే, పాములను చూసిన అనుభవం ఉన్న పశువైద్యుణ్ని ముందుగా ఫోనులో అడిగి కలవండి. ఆ రోజు మీతో నోటు పుస్తకం, కక్కిన ఎర ఫోటో, శుభ్రమైన డబ్బాలో తాజా మలం తీసుకువెళ్లండి. పెట్టెలోని రెండు మూలల ఉష్ణోగ్రతలు కూడా ఆ ఉదయమే కొలిచి రాసుకోండి, ఎందుకంటే వైద్యుడు మొదట అడిగేవాటిలో అవి తప్పక ఉంటాయి.